అత్తా, నాకో జాకెట్టు కుట్టవా?

మాది మైలవరం. బెజవాడలో తిరువూరు బస్సెక్కితే ఇబ్రహీంపట్నం, కొండపల్లి దాటాక వస్తుంది మా ఊరు. ఇంటి ముందు వసారాలో మా అమ్మ వాడిన ఉష మెషిను వేసుకుని ఇరవై ఏడేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. వెల్వడం నుంచి, పుల్లూరు నుంచి కూడా గుడ్డ పట్టుకొస్తారు. సాదా జాకెట్టు, లైనింగు జాకెట్టు, క్రాస్ కటింగు, ప్రిన్సెస్ కటింగు, బుట్టచేతులు, మగ్గం వర్కు చేయించి తెచ్చినవి, అన్నీ ఈ చేతుల మీదుగానే వెళ్ళాయి. ఇన్ని కుట్టాక నాకు రాని జాకెట్టంటూ లేదనే అనుకున్నాను. కిందటి మార్గశిరంలో మా మేనల్లుడు ఆ ధీమా కాస్తా తీసేశాడు.

వాడు ఇంజినీరింగు చదువుతున్నాడు. ఓ ఆదివారం పొద్దున్నే వచ్చి మెషిను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అత్తా, ఓ జాకెట్టు కుట్టాలి."

"ఎవరికిరా? నాకు చెప్పకుండా పెళ్ళి కుదిరిందా ఏంటి?"

"నాకే."

చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

తప్పు వాడిది కాదు లెండి. ఆ మాటది. ఇంగ్లీషువాళ్ళ జాకెట్టు మన కోస్తా ఊళ్ళకొచ్చి రవిక అయి కూర్చుంది. మగవాళ్ళు పైన తొడుక్కునేదాన్ని మనం కోటనే అన్నాం. ఇప్పటి పిల్లలు దాన్ని మళ్ళీ జాకెట్టంటున్నారు. ఒకే మాట, రెండు బట్టలు. ఈ రెంటికీ ఉన్న తేడా ఏమిటో నాకు పేరులో కాదు, కుట్టులో తెలిసింది. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది అదే.

వాడు ఫోనులో బొమ్మ చూపించాడు. అటాక్ ఆన్ టైటాన్ అని జపాను వాళ్ళ కథ. హజిమె ఇసయామ అనే ఆయన 2009లో బొమ్మల కథగా మొదలుపెట్టాడు. 2013 నుంచి టీవీలో కార్టూనుగా వచ్చింది. మనుషులంతా పెద్ద పెద్ద గోడల మధ్య బతుకుతుంటారు, గోడ బయట మనుషుల్ని తినే రాక్షసులుంటారు. వాళ్ళతో పోరాడే దళానికి ఓ యూనిఫారం ఉంది. ఇటుకపొడికీ పాలకాఫీకీ మధ్య రంగులో పొట్టి కోటు, నడుము దాకా కూడా రాదు. వీపు మీద, రెండు భుజాల మీద, ఛాతీ జేబు మీద రెక్కల గుర్తు. ఒక రెక్క తెలుపు, ఒకటి నీలం. మావాడు కట్టబోయే వేషం పేరు లీవై. వాడు కథలో ఐదడుగుల మూడంగుళాలవాడట, మావాడు ఆరడుగులు. అదేంట్రా అంటే "వేషం కదత్తా" అన్నాడు.

కాస్ప్లే అంటే అదేనట. ఇష్టమైన కథలో మనిషిలా తయారై పదిమందిలోకి వెళ్ళడం. కాస్ట్యూమ్, ప్లే అనే రెండు ఇంగ్లీషు మాటల్ని కలిపి జపాను వాళ్ళు చేసుకున్న మాట. హైదరాబాదులో 2013 నుంచి కామిక్ కాన్ అని జరుగుతోంది, ఈ వేషాలన్నీ అక్కడికి చేరతాయి. మావాడికి అక్కడికే వెళ్ళాలని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, మూడు వారాలుందనగా వచ్చి అడుగుతున్నాడు.

"కొనుక్కోరాదా?" అన్నాను.

"కొన్నది వేసుకుంటే అక్కడ ఒప్పుకుంటారు గానీ నాకే బాగోదు," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. గుడ్డ తెమ్మన్నాను.

నిజానికి మైలవరానికి వేషం కొత్తేమీ కాదు. పోయిన శతాబ్దం మొదట్లో మా ఊరి జమీందార్ల ఆదరణలో బాలభారతీ నాటక సమాజం నడిచింది. మైలవరం కంపెనీ అంటే ఆంధ్రదేశమంతా తెలుసు. యడవల్లి సూర్యనారాయణ గారు ఆ కంపెనీలో పేరు తెచ్చుకున్న నటుడు. 1932లో వచ్చిన శకుంతల టాకీలో దుష్యంతుడు ఆయనే. ఇంకాస్త కిందికి వెళ్తే కూచిపూడి. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ వేసుకుని వస్తే ఆయన మగవాడని చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. తెనాలిలో పేరు మోగిన స్థానం నరసింహారావు గారైతే ఏ పాత్రకు ఏ చీర, ఏ కట్టు అని తానే చూసుకునేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది ఆయనకు. ఆడవేషానికి వచ్చిన గౌరవమది.

అందరి పేర్లూ చెప్పాను, చూశారా? వాళ్ళకి బట్టలు కుట్టినవాళ్ళ పేర్లు చెప్పలేదు. నాటకం వాల్‌పోస్టరు మీద నటుడి పేరుంటుంది, హార్మోనిస్టు పేరుంటుంది, దర్జీ పేరు వేసే అలవాటు మనకెప్పుడూ లేదు. ఇది మన దగ్గరే కాదు. ఈ కాస్ప్లేకి మొదటి అడుగు 1939లో న్యూయార్కులో పడిందంటారు. సైన్సు కథల అభిమానుల ప్రపంచ మహాసభకి ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే కుర్రాడు భవిష్యత్తు మనిషి వేషంలో పైన అంగవస్త్రంతో వచ్చాడు. ఆ తరవాత ఆయన చాలా పేరున్నవాడయ్యాడు. ఆయన బట్టలూ, తన బట్టలూ కుట్టింది పక్కనే ఉన్న మర్టిల్ డగ్లస్ అనే ఆమె. మావాడు ఫోనులో ఆ ఫోటో చూపించినప్పుడు నేను చూసింది ఆమెనే.

సరే, పనిలోకి వద్దాం.

గుడ్డ బెజవాడ వస్త్రలతలో దొరికింది. కాటన్ డ్రిల్లు. యూనిఫారం నిక్కర్లకి వాడతారే, దగ్గర నేత, ఏటవాలుగా సన్న చారలు పోయినట్టుండే గట్టి గుడ్డ, అది. యాభై ఎనిమిది అంగుళాల పన్నా, రెండు మీటర్లు. తేగానే వాడు "కట్ చెయ్యత్తా" అన్నాడు. నేను బకెట్లో పడేశాను. రాత్రంతా నాని, మర్నాడు ఆరి, ఇస్త్రీ అయ్యాక కొలిస్తే రెండు మీటర్లలో రెండున్నర అంగుళాలు లోపలికి పోయింది. తడపకుండా కుట్టి ఉంటే మొదటి ఉతుకులో ఆ రెండున్నర అంగుళాలు వాడి ఒంటి మీద పోయేవి.

ఈ పని మార్గశిరంలో పడడం మంచిదైంది. వేసవైతే మా వసారాలో గుడ్డ పరవడానికి చోటుండదు. మా అన్నయ్య తోటలోంచి రసాలు, బంగినపల్లులు తెచ్చి వరిగడ్డి మీద పోస్తాడు. మామిడికాయ సొన గుడ్డ మీద పడిందంటే ఆ మరక జన్మలో పోదు. మార్గశిరంలోనైతే చెట్లు పూతకొస్తుంటాయి, అన్నయ్య తేనెమంచు పురుగుకి మందు కొట్టే హడావుడిలో తోటలోనే ఉంటాడు, వసారా నాది.

పెళ్ళికూతురి పట్టుజాకెట్టయితే ముందు పాతగుడ్డలో కుట్టి తొడిగి చూడడం నాకలవాటు. ఇదీ అలాగే చేశాను. పాత దుప్పటి తీసుకున్నాను. వాడి ఛాతీ ముప్పై ఎనిమిది. నా చెయ్యి అలవాటు కొద్దీ ఓ రెండంగుళాలు లూజు కలిపి, నాలుగో వంతు మడతకి పదంగుళాలు గీసి కోసేశాను. చంక కూడా జాకెట్టు చంకే, ఒంటికి దగ్గరగా. మెషిను మీద గంటన్నర. తొడిగాను. అద్దంలో బ్రహ్మాండంగా ఉంది. "అత్తా, సూపర్" అన్నాడు వాడు.

"చేతులెత్తు" అన్నాను.

కథలో ఆ లీవై రెండు చేతుల్తో రెండు కత్తులు దూస్తాడట. వాడు అలా రెండు చేతులూ విసురుగా ఎత్తాడు. చర్రుమంది. ఎడమ చంక నుంచి వీపు సగం దాకా దుప్పటి చిరిగిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇరవై ఏడేళ్ళలో నేను కుట్టింది ఏదీ నా కళ్ళ ముందు అలా చిరగలేదు.

ఆ సాయంత్రం చిరిగిన దుప్పటి ముక్క ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే విషయం అర్థమైంది. మన జాకెట్టు ఒంటిని పట్టుకుని ఉండాలి. టక్కులన్నీ అందుకే. క్రాసులో కోసేది అందుకే, గుడ్డ సాగి ఒంటి వంపుతో పోవాలని. అది కదలకూడదు, కదిలితే "మీరు కుట్టింది జారిపోతోందండీ" అని వెనక్కి తెస్తారు. ఈ కోటు అలా కాదు. అది భుజాల మీద నిలబడి అక్కణ్ణుంచి వేలాడాలి. లోపల చొక్కా ఉంటుంది, చొక్కాకీ దానికీ మధ్య గాలి ఆడాలి, ఆ గాలిలో మనిషి కదలాలి. ఒక జాకెట్టు ఒంటి కొలతకి కుట్టేది, ఇంకో జాకెట్టు కదలిక కొలతకి కుట్టేది. ఇంత చిన్న సంగతి తెలుసుకోడానికి ఓ దుప్పటి ఖర్చయింది.

మర్నాడు చొక్కా మీంచే కొలిచాను. ఛాతీ చుట్టూ ఆరంగుళాలు లూజు కలిపాను. ముప్పై ఎనిమిదికి నలభై నాలుగు, నాలుగో వంతు పదకొండు. చంక ఓ అంగుళం కిందికి దించాను. వాడి పాత చొక్కా ఒకటి భుజం బాగా కుదిరింది ఉంటే దాన్ని పేపరు మీద పరిచి భుజం వాలు, మెడ గుండ్రం దానిలోంచే గీసుకున్నాను. కొత్తగా కుట్టేవాళ్ళకి నేను చెప్పే సలహా కూడా అదే. లెక్కలు పుస్తకంలో ఉంటాయి గానీ భుజం వాలు మాత్రం మనిషి పాత చొక్కాలోనే ఉంటుంది. పొడవు ఇరవై అంగుళాలు. నా జాకెట్లు పద్నాలుగు, పదిహేను. ఆ పైన ఐదంగుళాలకే ఇంత రాద్ధాంతమా అని మా అమ్మ నవ్వింది.

చేతులు కోసేటప్పుడు గుడ్డ మంచివైపులు ఎదురెదురుగా మడిచి రెండూ ఒకేసారి కొయ్యండి. విడివిడిగా కోస్తే రెండూ ఎడమచేతులే వచ్చే ప్రమాదం ఉంది. నాకోసారి వచ్చాయి, అది వేరే కథ.

ముక్కలన్నీ కోశాక కుట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగాలి. వీపు మీద గుర్తు, చేతుల మీద గుర్తులు, జేబు మీది గుర్తు, ఇవి గుడ్డ బల్లపరుపుగా ఉన్నప్పుడే కుట్టెయ్యాలి. కోటు అయ్యాక వీపు మధ్య రెక్కలు కుట్టాలంటే చెయ్యి లోపలికి దూర్చి గోనెసంచిలో సూది వెతుక్కున్నట్టుంటుంది. రెక్కల బొమ్మ కాగితం మీద ప్రింటు తీయించాడు వాడు. తెల్ల పాప్లిన్, నీలం పాప్లిన్ వెనక పేస్టింగు బక్రం ఇస్త్రీతో అతికించి, రెక్క ఆకారంలో కత్తిరించాను. బక్రం అతికేటప్పుడు ఇస్త్రీపెట్టెని గుడ్డ మీద తొయ్యకూడదు, ఎత్తి పెట్టి, పది లెక్కపెట్టి, మళ్ళీ ఎత్తి పెట్టాలి. తోస్తే బుడగలొస్తాయి. నా మెషిను నేరుకుట్టు తప్ప మరోటి వెయ్యదు. అందుకని రెక్కల అంచులన్నీ చేత్తోనే కాజా కుట్టు వేశాను. నాలుగు గుర్తులకీ మూడు సాయంత్రాలు. కంప్యూటరు ఎంబ్రాయిడరీ చేసే షాపులో ఇస్తే గంటలో అయిపోయేది, ఆ మాట వాడు అననూ అన్నాడు. నేనే వద్దన్నాను. పంతమనుకోండి.

ఇక కాలరు. జాకెట్టు కుట్టేవాళ్ళకి మెడంటే పైపింగు, తిప్పిన పట్టీ, వెనక డోరీ, అంతే. లేచి నిలబడే కాలరు కుట్టి ఎన్నాళ్ళయిందో. కాలరుకి రెండు పొరలు. పై పొర సరిగ్గా కొలతకి కొయ్యాలి. కింది పొరని క్రాసులో, నూలువాసి తక్కువగా కొయ్యాలి. అప్పుడు కుట్టి తిప్పితే కుట్టు కిందికి ఒదిగి పైకి కనపడదు. రెండూ సమానంగా కోస్తే కాలరు అంచు కుక్కచెవిలా పైకి లేస్తుంది. మూల దగ్గర ఎక్కువ గుడ్డ కత్తిరించి, తిప్పాక లోపల్నుంచి కొబ్బరి ఈనెతో నెమ్మదిగా పొడిస్తే మొన వస్తుంది. కత్తెర మొనతో పొడవకండి, బయటికొస్తుంది.

నాలుగు పొరల డ్రిల్లు, రెండు పొరల బక్రం. పద్నాలుగు నంబరు సూది కాలరు మీద రెండు సార్లు విరిగింది. పద్దెనిమిది వేశాను. దళసరి చోట కాలితో తొక్కడం మానేసి చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేశాను.

అసలు పరీక్ష చెయ్యి అతకడం. చంక చుట్టు ఇరవై ఒకటి వస్తే, చేతి పైగుండ్రం ఇరవై రెండు రావాలి. ఆ అంగుళం ఎక్కడికి పోతుంది? బుట్టచేతుల్లో అయితే కుచ్చులుగా పైకే కనిపిస్తుంది, కనిపించాలనే పెడతాం. కోటులో ఆ అంగుళం ఉండాలి, కనిపించకూడదు. అది లేకపోతే చెయ్యి ముందుకి పోదు. కనిపిస్తే సైనికుడు కాస్తా పెళ్ళికూతురైపోతాడు. పైగుండ్రం చుట్టూ రెండు వరసలు పెద్ద కుట్టు వేసి, దారం మెల్లిగా లాగి, తువ్వాలు గుండ్రంగా చుట్టి దాని మీద చేతిని పెట్టి, తడిగుడ్డ వేసి ఇస్త్రీతో నొక్కాను. డ్రిల్లు ఆవిరికి లొంగి ముడుచుకుంటుంది, ముడత పడదు. కచ్చాకుట్టు వేసి తొడిగి చూశాను. కుడిచెయ్యి మొదటిసారికే వచ్చింది. ఎడమచెయ్యి మూడుసార్లు విప్పాను. ఎందుకో ఎప్పుడూ ఎడమదే ఏడిపిస్తుంది.

లైనింగుకి పెట్టెలో మిగిలిన గులాబీరంగు టూ బై టూ జాకెట్టు గుడ్డ వేశాను. వాడు మొహం అదోలా పెట్టాడు. "లోపల ఎవడు చూస్తాడ్రా" అన్నాను. చేతులకి మాత్రం జారుడు గుడ్డ తెప్పించాను. టూ బై టూ చొక్కా చేతిని పట్టేసుకుంటుంది, కోటు తొడిగేటప్పుడు లోపలి చొక్కా మోచేతి దాకా ఎగదన్నుతుంది. వీపు మధ్య లైనింగులో అంగుళం మడత వదిలాను, వంగినప్పుడు విచ్చుకోవాలని. తరవాత కోటునీ లైనింగునీ చుట్టూ కుట్టేసి, చేతి లైనింగులో జానెడు సందు ఉంచి, ఆ సందులోంచి మొత్తం కోటుని బయటికి లాగడం. ఆవు ఈనేటప్పుడు చూసినవాళ్ళకి తెలుస్తుంది, అచ్చం అలాగే. ముందు ఓ మూల వస్తుంది, తరవాత కాలరు ఇరుక్కుంటుంది, పనైపోయిందనుకుంటాం, ఒక్కసారిగా అంతా జారి చేతుల్లో పడుతుంది. నలిగి, ముడుచుకుని, కానీ కోటే. వాడు చప్పట్లు కొట్టాడు.

ఆ దళానికి ఒంటి నిండా తోలు పట్టీలుంటాయి. తోలుకి బదులు రెక్సిను అనుకున్నాం, కానీ అది నేను కుట్టలేదు. ఆటో సీట్లు కుట్టే ఆయన దగ్గరికి పంపాను. రెక్సినుకి గుండుసూది గుచ్చితే ఆ కన్నం శాశ్వతం. మెషిను పాదానికి అతుక్కుని జరగదు, కాగితం పెట్టి కుట్టి తరవాత చింపెయ్యాలి. ఇవన్నీ ఆయనకి పుట్టుకతో వచ్చినట్టు వచ్చు. "మీ మెషిను మీద తొక్కితే సూది కళ్ళల్లోకొచ్చుద్దమ్మా" అని కబురు కూడా పంపాడు. మనకి రాని పని వచ్చినవాడికివ్వడం కూడా కుట్టులో భాగమే. మావాడు అరగంటలో ఆరు పట్టీలు కుట్టించుకొచ్చాడు.

మొత్తం తొమ్మిది సాయంత్రాలు. వాడు హైదరాబాదు వెళ్ళాడు, వచ్చాడు. అక్కడ చాలామంది ఎక్కడ కొన్నావని అడిగారట. ఒకమ్మాయి మాత్రం ఏమీ అడక్కుండా చంక దగ్గర కుట్టు తిప్పి చూసిందట. ఆ పిల్లకి కుట్టు వచ్చని నేను ఇక్కణ్ణుంచే చెప్పగలను. తిప్పి చూస్తే లోపల గులాబీరంగూ కనిపించే ఉంటుంది. ఆ రంగు మీదే, కాలరు కింద, ఎర్రదారంతో నాలుగక్షరాలు నేను వాడికి చెప్పకుండా కుట్టాను. మైలవరం అని. నా పేరు వేసుకోవాలనే అనుకున్నాను, ఆఖరి నిమిషంలో సిగ్గేసింది.

ఇప్పుడు వాడి స్నేహితులు ముగ్గురు వరసలో ఉన్నారు. ఒకడికి పచ్చగళ్ళ అంగీ కావాలట, మన లుంగీ గళ్ళలాగే ఉంది. ఒకడికి మెడ మూసేసే నల్లకోటు. మేనల్లుడికంటే ఊరికే కుట్టాను గానీ వీళ్ళకి కూలి ముందే చెప్పాను. లైనింగు జాకెట్టు కూలికి మూడింతలు. బేరం లేదు. తొమ్మిది సాయంత్రాల పని మరి. మీలో మెషిను ఉన్నవాళ్ళకీ అదే చెబుతున్నాను. పిల్లలు ముచ్చటగా అడుగుతారు, మొహమాటానికి పోయి కూలి తగ్గించకండి.

పిల్లలకీ ఒక మనవి. గుడ్డ తెచ్చుకోండి, బొమ్మ తెచ్చుకోండి, మీకు కుదిరిన పాత చొక్కా ఒకటి తెచ్చుకోండి, ఎప్పుడైనా రండి. శ్రావణమాసంలో మాత్రం రాకండి. ఆ నెలంతా మాకు ఆడవాళ్ళ జాకెట్లతోనే సరిపోతుంది.